గేర్‌బాక్సుకి ఎవులూ సెప్పనేదు

కిందటేడు విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా బావమరిది మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదినీ కారెక్కించుకుని అరకు బయల్దేరాడు. పదిన్నరకల్లా ఫోను. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతున్నారట, ముందు లోడు లారీ, దాని వెనకాలే పాకుతూ పాకుతూ వెళ్లి ఒక మలుపు దగ్గర సందు దొరికిందని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడట. "బావా, ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం కదలట్లేదు. గేరు నంబరు మినుకుమినుకుమంటోంది. కాలిన వాసన వస్తోంటే లారీ బ్రేకులదేమో అనుకున్నాను, మనదే."

అది ఏ కంపెనీ కారో చెప్పను, తప్పు కంపెనీది కాదు కాబట్టి. సెకండ్‌హ్యాండులో కొన్న డీజిల్ సెడాన్, రెండు పొడి (నూనెలో మునగని) క్లచ్‌లుండే ఆటోమేటిక్. వారం తర్వాత విజయనగరంలో నాకు తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఆ క్లచ్ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. ప్లేటు మీద గరుగ్గా ఉండాల్సిన పొర అద్దంలా నున్నగా తేలిపోయింది, దానికి ఆనుకునే ఇనుప చక్రం మీద నీలం మచ్చలు. గోటితో గీరితే ప్లేటు నుంచి నల్లటి పొడి రాలింది. ఆయన చేతులు తుడుచుకుంటూ ఒక్క మాటన్నాడు: "ఇంజినుకేటి బాబూ, రాజాలాగుంది. దానికి ఎవులో బలం పెంచినారు, గేర్‌బాక్సుకి ఎవులూ సెప్పనేదు."

అప్పుడు మావాడు నేలచూపులు చూస్తూ బయటపెట్టాడు. నాలుగు నెలల కిందట ఒక షాపులో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పెట్టించాడట. 250 న్యూటన్ మీటర్ల టార్క్ 320 అయిపోతుందన్నారట. అయింది కూడా. శ్రీకాకుళం నుంచి రణస్థలం మీదుగా హైవే ఎక్కితే బండి ఎగిరిపోయేది అంటాడు ఇప్పటికీ, ఆ మాట అన్నప్పుడు కాస్త ముఖం వెలుగుతుంది కూడా.

ఆటోమేటిక్ కారుని ట్యూన్ చేస్తే, అంటే ఇంజిన్ బలం పెంచితే, గేర్‌బాక్స్ ఎంతవరకు ఆగుతుంది అన్న ప్రశ్నకు అందరూ ఒక అంకె చెబుతారు. ఫలానా బాక్సుకి 250, ఫలానాదానికి 350, దాటితే పోతుంది అని. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది ఒక్క అంకె కాదు. మూడు వేర్వేరు సంగతులు కలిపి రాసిన అంకె. ఈ మూడింటినీ విడదీయకపోతే, మావాడిలాగ పోగొట్టుకునేవాళ్లు ఒకవైపు, అనవసరంగా భయపడేవాళ్లు ఇంకోవైపు మిగులుతారు.

ముందు టార్క్ అంటే ఏంటో ఒక్క ముక్కలో. పైడితల్లి సిరిమాను చూసినవాళ్లకు దీనికి వేరే పాఠం అక్కర్లేదు. పొడవాటి మాను చివర కూర్చునేది పూజారి ఒక్కరే, ఒక మనిషి బరువు ఎంతని, కానీ ఆ చింతమాను పొడవు వల్ల మొదలు దగ్గర దాన్ని అదుపు చేయడానికి ఎంత పట్టు కావాలో చూడండి. బలం ఎంత, ఎంత దూరాన పని చేస్తోంది, ఈ రెండూ గుణిస్తే టార్క్. 250 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడవున్న పానా చివర 25 కిలోల బియ్యం బస్తా వేలాడదీస్తే బోల్టు మీద పడే మెలిక. 320 అంటే బస్తా మీద ఇంకో ఏడు కిలోలు. అంతేనా అనిపిస్తుంది. కానీ అది గేర్‌బాక్సులోకి వచ్చేది మాత్రమే. మొదటి గేరు, ఆ తర్వాత ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే ఆఖరి గేరు జత) కలిపి పదిహేను రెట్లు పెంచాయనుకుంటే చక్రాల దగ్గరికి చేరేసరికి 250 కాస్తా 3,750 అవుతుంది. కంపెనీలు గేర్‌బాక్సుకి చెప్పే పరిమితి లోపలికి వచ్చే టార్క్‌ది, బయటికి వెళ్లేదానిది కాదు.

ఇక పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) అనేది టార్క్‌ని ఇంజిన్ వేగంతో గుణిస్తే వచ్చేది. అందుకే ఒకే 250 న్యూటన్ మీటర్లు 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి 2,000 చుట్లు) దగ్గర 71 పీఎస్ ఇస్తే, 5,000 దగ్గర 178 పీఎస్ ఇస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే మెలిక మాత్రం రెండుచోట్లా ఒకటే. ట్యూనింగ్ షాపు బోర్డు మీద రాసే పెద్ద అంకె పీఎస్, గేర్‌బాక్స్ ప్రాణం మీదకు తెచ్చేది టార్క్. బేరం ఇక్కడే తప్పుతుంది.

కంపెనీలకు ఈ లెక్క బాగా తెలుసు అనడానికి మన దేశంలోనే అమ్మిన ఒక కారు చాలు. 2016లో వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్ఐ పెట్రోల్. మాన్యువల్ కొన్నా ఆటోమేటిక్ కొన్నా ఇంజిన్ అదే, 180 పీఎస్ అదే. కానీ మాన్యువల్‌కి టార్క్ 320, ఆటోమేటిక్‌కి 250. ఎందుకంటే ఆ ఆటోమేటిక్ డీక్యూ200 అనే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కుటుంబం వాడే ఏడు గేర్ల డీఎస్‌జీ, రెండు పొడి క్లచ్‌లుండేది, దాని పరిమితి 250. మాన్యువల్‌లో 4,000 ఆర్‌పీఎంకే 180 పీఎస్ వచ్చేస్తుంది, ఆటోమేటిక్‌లో 5,100 దాకా ఆగాలి. గ్రాఫ్ గీస్తే టార్క్ గీత 1,250 నుంచి 5,000 దాకా బల్లపరుపుగా ఉంటుంది, పైన కొండని ఎవరో రంపంతో కోసేసినట్టు. ఇంజిన్‌కి చేతకాక కాదు, సాఫ్ట్‌వేర్‌తో కట్టేశారు. ఇప్పటి వర్టస్, స్లావియా 1.5 టీఎస్ఐ ఆటోమేటిక్‌లు కూడా సరిగ్గా 250 దగ్గరే ఆగుతాయి, అవి కూడా డీక్యూ200 బాక్సుతోనే వస్తాయి.

ఇది చదివి "ఆటోమేటిక్ అంటేనే బలహీనం" అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. 2021 ఫార్చ్యూనర్ డీజిల్ చూడండి, మాన్యువల్‌కి 420, ఆటోమేటిక్‌కి 500. థార్ పెట్రోల్ మాన్యువల్ 300, ఆటోమేటిక్ 320. స్కార్పియో ఎన్ 175 పీఎస్ డీజిల్ మాన్యువల్ 370, ఆటోమేటిక్ 400. ఇక్కడ కట్టేసింది మాన్యువల్‌ని. కాబట్టి గొడవ ఆటోమేటిక్‌తో కాదు, ఏ రకం ఆటోమేటిక్, అందులో పట్టు ఎక్కడుంది అన్నదానితో.

ఆ పట్టు దగ్గరికే వస్తున్నాను. అంకెలో దాగిన మూడు సంగతుల్లో మొదటిది లోహం: గేరు పళ్లు, షాఫ్టులు, బేరింగులు. ఇవి విరగడం మన రోడ్ల మీద, మన ట్యూన్లకి, అరుదు. మూడోది వేడి. రెండోది పట్టు, అసలు కథంతా దానిదే.

చిన్నప్పుడు మా ఊరి బియ్యం మిల్లులో పెద్ద పటకా బెల్టు ఉండేది. మోటారు చక్రం నుంచి మిల్లు చక్రానికి. ధాన్యం ఒక్కసారిగా ఎక్కువ పోస్తే మోటారు తిరుగుతూనే ఉండేది, మిల్లు మందగించేది, బెల్టు కీచుమని జారేది, ఆ వెంటనే రబ్బరు కాలిన వాసన. మోటారు పాడవలేదు, మిల్లూ పాడవలేదు, మధ్యలో పట్టు చాలలేదు. మిల్లాయన చేసే పని బెల్టు బిగించడం, అంటే ఒత్తిడి పెంచడం. గేర్‌బాక్సులో క్లచ్ కూడా అంతే. ఎంత టార్క్ పట్టి ఉంచగలదు అన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: పొర గరుకుదనం, దాన్ని నొక్కే బలం, ప్లేటు వెడల్పు, రాసుకునే ముఖాలు ఎన్ని. ప్లేటు వెడల్పు మార్చలేం. పెద్ద ట్యూనింగ్ చేసేవాళ్లు అదనపు ప్లేట్లున్న క్లచ్ ప్యాకులు పెడతారు, అది ఖర్చుతో కూడిన పని. మామూలుగా చేతిలో ఉండేది ఒక్కటే, నొక్కే బలం.

ఆ బలం ఎంత ఉండాలో నిర్ణయించేది గేర్‌బాక్స్ కంప్యూటర్, టీసీయూ అంటారు. అది ఎప్పుడూ గరిష్ఠ బలంతో నొక్కి పట్టుకోదు. అలా పట్టుకుంటే గేరు మారిన ప్రతిసారీ మెడ ఊగుతుంది, పంపు మీద భారం, తరుగుదల. అందుకని "ఇప్పుడు ఎంత టార్క్ వస్తోంది" అని ఇంజిన్ కంప్యూటర్‌ని, అంటే ఈసీయూని, అడుగుతుంది. ఈసీయూ లోపలికి వెళ్తున్న గాలి, ఇంధనం లెక్కగట్టి "180" అంటుంది. టీసీయూ 180కి సరిపడా, పైన కొంచెం, నొక్కుతుంది. గేరు మార్చేటప్పుడు "ఒక్క క్షణం తగ్గు" అని అడుగుతుంది, ఇంజిన్ తగ్గుతుంది, ఒక క్లచ్ వదిలి ఇంకోటి పట్టుకుంటుంది. ఈ మాటలన్నీ సెకనుకి ఎన్నోసార్లు కారులోని కంప్యూటర్లను కలిపే క్యాన్ వైర్ల మీద నడుస్తూ ఉంటాయి. మొత్తం వ్యవహారం నమ్మకం మీద నడిచే ఖాతా కొట్టులాంటిది.

మావాడి డబ్బా ఏం చేసిందో ఇప్పుడు చూడండి. ఇలాంటి డీజిల్ డబ్బాలు చాలావాటి పని ఒకటే. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో (ఫ్యూయల్ రైల్ అంటారు) ఒత్తిడి చెప్పే సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యలో కూర్చుని, ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ అని చెబుతాయి. ఈసీయూ పాపం నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ఇంజెక్టరు తెరుచుకునే సమయం అంతే, కానీ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఎక్కువ డీజిల్ పడుతుంది. బలం వస్తుంది. అయితే ఈసీయూ లెక్కలో మాత్రం పడింది పాత డీజిలే, వచ్చింది పాత టార్కే. టీసీయూ అడిగితే అది నిజాయితీగా "250" అంటుంది. వస్తున్నది 320. టీసీయూ 250కి తగ్గట్టు పట్టుకుంటుంది. ఎవులూ సెప్పనేదు అన్నది అక్షరాలా ఇదే. ఆ మెకానిక్ లాప్‌టాప్ పెట్టి చూసి అన్నమాట కాదు, ప్లేటు చూసి అన్నాడు. నలభై ఏళ్ల చెయ్యి.

టీసీయూ మరీ గుడ్డిది కాదులెండి. ఇంజిన్ ఎంత తిరుగుతోంది, గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ ఎంత తిరుగుతోంది అని రెండూ కొలుస్తుంది, తేడా కనిపిస్తే నొక్కుడు పెంచుతుంది, నేర్చుకుంటుంది కూడా. మావాడి బండి నాలుగు నెలలు నడిచింది అందుకే. కానీ ప్రతిసారీ ముందు కాస్త జారి, తర్వాత సర్దుకుంటుంది. ఆ కాస్తలో ఏం జరుగుతుందో లెక్క కడితే నాకే భయం వేసింది. 320 న్యూటన్ మీటర్ల దగ్గర క్లచ్ 400 ఆర్‌పీఎం తేడాతో జారుతోందనుకోండి, అక్కడ పుట్టే వేడి 13 కిలోవాట్ల పైచిలుకు. మనింట్లో గీజరు రెండు కిలోవాట్లు. అంటే ఆరేడు గీజర్లు ఒక కంచమంత ప్లేటు మీద, గాలి తప్ప చల్లార్చేదేదీ లేకుండా. హైవే మీద అది అర సెకను వ్యవహారం. ఘాట్‌లో, ఐదుగురు జనం, డిక్కీ నిండా సామాను, లారీ వెనక మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు, అంటే నిమిషాల తరబడి వ్యవహారం. ఒకసారి పొర మాడి నున్నబడితే గరుకుదనం పోయింది, పట్టు ఇంకా తగ్గింది, ఇంకా జారింది.

ఇందుకే తడి క్లచ్‌లకు అంకె పెద్దది. అదే కుటుంబంలో 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో వచ్చిన మొదటి డీఎస్‌జీ, డీక్యూ250, క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి, పరిమితి 350. మన దగ్గర ఆక్టావియా ఆర్ఎస్ 230 దీనితోనే సరిగ్గా 350 టార్క్‌తో వచ్చింది. ఇంకా పెద్దది డీక్యూ500, దానికి 600. నూనె వేడిని మోసుకెళ్తుంది, అందుకే ఆ నూనె మార్చే గడువు మన ఇష్టం కాదు.

టార్క్ కన్వర్టర్ ఉండే పాతకాలం తరహా ఆటోమేటిక్‌ల సంగతి వేరు. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య నూనెతో నడిచే రెండు ఫ్యాన్లు, ఒకటి తిరిగి నూనె కొడితే ఇంకోటి తిరుగుతుంది. ఆగి బయల్దేరేటప్పుడు ఇది టార్క్‌ని దాదాపు రెట్టింపు చేస్తుంది కూడా, ఆ జారడం అంతా నూనెలో జరుగుతుంది కాబట్టి ప్లేట్లకు బాధ లేదు. ఘాట్ ఎక్కడానికి, ట్రాఫిక్‌లో పాకడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం, స్పోర్ట్స్ కార్ల పిచ్చోళ్లు ఒప్పుకోకపోయినా. జర్మనీ జెడ్ఎఫ్ కంపెనీ 8హెచ్‌పీ గేర్‌బాక్స్ ఈ రకమే, 2009లో బీఎండబ్ల్యూ 760తో మొదలై ఇప్పుడు ఎన్ని కంపెనీల బళ్లలో ఉందో. దాని పేరులోనే పరిమితి ఉంటుంది: మొదటి తరంలో 8హెచ్‌పీ45 అంటే 450, 8హెచ్‌పీ70 అంటే 700, 90 అంటే 900.

మరి బీఎండబ్ల్యూ ట్యూన్ చేసేవాళ్లు ఈ పేరులో ఉన్న అంకె దాటించి ఏళ్ల తరబడి ఎలా నడుపుతున్నారు? ఎందుకంటే ఆ అంకె విరిగిపోయే చోటు కాదు. ఎడారి ఎండలోనూ, ట్రైలర్ లాగుతూనూ, నూనె పాతబడ్డాక కూడా, మొత్తం జీవితకాలం ఆగాలి అని కంపెనీ పెట్టుకున్న హామీ. పైన మార్జిన్ ఉంటుంది. దాన్ని వాడుకుంటే ఆయుష్షులోంచి తీసి ఖర్చు పెట్టినట్టు. ఏ మూల ఎంత ఉందో కంపెనీ చెప్పదు. పైగా అక్కడ ట్యూన్ చేసేవాళ్లు ఇంజిన్‌తో పాటు టీసీయూని కూడా ట్యూన్ చేస్తారు, కిటుకు అదే.

మంచి రీమ్యాప్ అయితే, అంటే డబ్బా కాకుండా ఈసీయూ లోపలి పట్టికలే మారిస్తే, టార్క్ లెక్క కూడా సరిచేయొచ్చు. అప్పుడు ఈసీయూ "320" అని నిజం చెబుతుంది. చిక్కేంటంటే టీసీయూలో ఒక పరిమితి రాసి ఉంటుంది: ఇంతకు మించి ఒప్పుకోను, తగ్గించు అని. "ట్యూన్ చేయించాం సార్, తేడా ఏం తెలియట్లేదు" అనేవాళ్లలో కొందరి సంగతి ఇదే, గేర్‌బాక్స్ వెనక్కి లాగుతోంది. అప్పుడు రెండు దారులు. సరైనవాడు టీసీయూలో పరిమితి పెంచుతూ, నొక్కుడు బలం కూడా దానికి తగ్గట్టు పెంచుతాడు. తొందరపాటువాడు ఈసీయూలో పట్టికని తారుమారు చేసి, 320 వస్తున్నా 250 అనే చెప్పిస్తాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని బదులు లావు రాగితీగ చుట్టే పెద్దమనుషులు మన ఊళ్లలో లేరా, అదన్నమాట. పైకి రెండు ట్యూన్లూ ఒకలాగే నడుస్తాయి, మొదటి నెల.

టీసీయూ ట్యూన్‌తో కూడా లోహం మారదు, పొడి క్లచ్ తడి క్లచ్ అవదు, అది గుర్తుండాలి.

సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉన్నవాళ్లు ఈ జోలికి పోవద్దు. అందులో స్టీలు బెల్టు రెండు కప్పీల మధ్య ఒత్తిడితో నిలబడుతుంది, జారితే ప్లేటులా అరగదు, కప్పీ మీద గీతలు పడతాయి, ఇక అంతే. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్‌కి క్లచ్ తొక్కే మరమనిషిని పెట్టడమే కాబట్టి దాని పరిమితి ఆ మాన్యువల్ క్లచ్‌దే.

ఇంతకీ టార్క్ దాటకుండా బలం పెంచుకోవచ్చా? కొంతవరకు, అవును. మావాడి ఇంజిన్‌లాంటిది 110 పీఎస్ ఇచ్చేది 4,000 ఆర్‌పీఎం దగ్గర, అక్కడికి వెళ్లేసరికి టార్క్ 250 నుంచి 193కి పడిపోతుంది. కింద 250 అలాగే ఉంచి, పైన పడిపోకుండా పట్టుకోగలిగితే 4,000 దగ్గర 142 పీఎస్ వస్తుంది, కాగితం మీద. చిన్న టర్బో అంత గాలి ఇవ్వదు కాబట్టి 142 రాకపోవచ్చు, కొంతైనా వస్తుంది. అంటే 1,500, 2,000 దగ్గర తన్నినట్టు వచ్చే ఆ ఊపు వదులుకోవాలి. ఆ ఊపే కదా సరదా అంటాడు మావాడు. క్లచ్‌ని చంపేదీ అదే, ఎందుకంటే తక్కువ వేగంలో పెద్ద టార్క్, బరువైన బండి, రెండూ అక్కడే కలుస్తాయి. నేర్పున్న ట్యూనర్ గేరుని బట్టి టార్క్ కొంచెం అటూఇటూ పెడతాడు, మొదటి రెండు గేర్లలో తక్కువ, పైన కాస్త ఎక్కువ.

ఇన్సూరెన్స్, వారంటీ సంగతి వేరే చెప్పాలా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడాన్ని అడ్డుకుంటుంది, క్లెయిమ్ దగ్గరకొచ్చేసరికి వాళ్లు అడ్డం తిరగడానికి ఆ డబ్బా ఫోటో ఒక్కటి చాలు.

జారుడు మొదలైందో లేదో తెలుసుకోవడానికి లాప్‌టాప్ అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద, మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు పెట్టి, 1,800 దగ్గర నెమ్మదిగా పోతూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు, స్పీడు ముల్లు రెండూ కలిసి ఎక్కాలి. గేరు మారకుండానే ఆర్‌పీఎం ముల్లు ఒక్కతే మూడు నాలుగు వందలు చెంగున ఎగిరి, తర్వాత స్పీడు నింపాదిగా వస్తోందంటే జారుతోంది. టార్క్ కన్వర్టర్ బండిలో లాకప్ (కన్వర్టర్‌ని నేరుగా బిగించి పట్టే క్లచ్) విడిపోయినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఈ పరీక్ష రెండు క్లచ్‌ల బాక్సులకే. మావాడికి ఇది రెండు నెలల ముందే కనిపించిందట, "ఊపు బాగుంది" అనుకున్నాడట.

కొత్త క్లచ్, పని కూలి కలిపి లక్ష దాటింది. డబ్బా ఊడదీసి బీరువాలో పెట్టాడు. మొన్న సంక్రాంతికి భోజనాల దగ్గర మెల్లిగా అడిగాడు, "బావా, డబ్బా వద్దులే, సరైన రీమ్యాప్ అయితే 280 పెట్టించుకోవచ్చంటావా?" మా ఆవిడ గరిటె పట్టుకుని చూస్తోంది. ముందు కింద ఎంత, పైన ఎంత అని గ్రాఫు తెమ్మన్నాను.